ఊగే డేనిష్ టేకు కుర్చీని విప్పి, అతికించి, మళ్లీ నిలబెట్టడం ఎలా

అరవై డెబ్బై ఏళ్ల నాటి డేనిష్ టేకు భోజనపు కుర్చీ ఊగుతోందంటే నూటికి తొంభై సార్లు తప్పు కొయ్యది కాదు, జిగురుది. టేకు చేవ ఇంకో వందేళ్లు నిలుస్తుంది. అప్పట్లో వాడిన జిగురు మాత్రం ఎండి, పెళుసుబారి, కీళ్లలో పొడిగా రాలుతూ ఉంటుంది. అందుకే మేకులు కొట్టడం, లోపలి మూలల్లో ఇనుప ఎల్ బద్దలు బిగించడం, పైన వార్నిష్ పూయడం ఏవీ పనికిరావు. కీలు విప్పాలి, పాత జిగురు తీసెయ్యాలి, కొత్త జిగురు పెట్టాలి. ఆ తరువాతే పాలిష్, సీటు. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఒక కుర్చీకి మొత్తం పని ఆరేడు గంటలే. కానీ జిగురూ నూనే ఆరడానికి రోజులు పడతాయి కాబట్టి రెండు వారాంతాలు అనుకోండి. ఆరు కుర్చీల సెట్టు ఉంటే అన్నిటికంటే ఎక్కువగా ఊగేదానితో మొదలుపెట్టండి. లోపల కీళ్లు ఎలా ఉన్నాయో దాంతో తెలిసిపోతుంది, మిగతా ఐదూ అలాగే ఉంటాయి.

ముందు తలకిందులు చేసి చూడండి

బల్ల మీద మందపాటి దుప్పటి పరిచి కుర్చీని బోర్లించండి. సీటు పట్టీల (సీటు కింద కాళ్లను కలిపే అడ్డకర్రల) లోపలి వైపు, ముఖ్యంగా వెనక పట్టీ మీద, తయారీదారు ముద్ర ఉందేమో వెతకండి. కాల్చిన ముద్ర కావచ్చు, సిరా ముద్ర కావచ్చు, కాగితపు చీటీ కావచ్చు. నీల్స్ ఓ. మోలర్ 1944లో ఆర్హూస్‌లో మొదలుపెట్టిన జె.ఎల్. మోలర్స్ వంటి కర్మాగారాల కుర్చీల మీద పేరు స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నిటి మీద డేనిష్ ఫర్నిచర్ మేకర్స్ కంట్రోల్ అనే చిన్న నాణ్యతా గుర్తు కూడా ఉంటుంది. ముద్ర ఉన్న చోట మాస్కింగ్ టేపు అంటించి, పని పూర్తయ్యేదాకా అక్కడ గరుకు కాగితం గానీ, తడి గానీ, నూనె గానీ తగలనివ్వకండి. ముద్ర చెరిగిపోతే కుర్చీ విలువ సగం పోయినట్టే.

తరువాత కొయ్య చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సియాం (ఇప్పటి థాయ్‌లాండ్), బర్మాల నుంచి డెన్మార్క్‌కు టేకు బాగా అందింది, 1950, 60 దశకాల్లో అది అక్కడి కుర్చీలకు ప్రధాన కొయ్య అయింది. (మన "టేకు", ఇంగ్లీషు వాళ్ల "టీక్" ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. మలయాళంలోంచి పోర్చుగీసు వాళ్ల నోట పడి అక్కడిదాకా వెళ్లింది.) అయితే "టేకు కుర్చీ" అని అమ్మేదంతా టేకే కాకపోవచ్చు. కాళ్లు ఓక్ లేదా బీచ్ కొయ్యవి, వీపు పలక మాత్రం టేకు, ఇలా కలిపి చేసినవి చాలా ఉన్నాయి. డేనిష్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1952లో ఫ్రిట్జ్ హాన్సెన్ కంపెనీ కోసం గీసిన మూడు కాళ్ల కుర్చీకి చట్రం బీచ్, సీటూ వీపూ టేకు. మొత్తం టేకు చట్రమున్న కుర్చీలో కూడా సీటు కింది మూలదిమ్మలు, సీటు చట్రం బీచ్‌వి అయి ఉండవచ్చు.

ఇది తెలుసుకోవడం కోస్తాలో ఉండేవాళ్లకు మరీ అవసరం. టేకు చేవను పురుగు దాదాపు ముట్టదు, బీచ్‌ను మాత్రం హాయిగా తినేస్తుంది. మూలదిమ్మల మీద గుండుసూది తలంత బెజ్జాలు, కింద మెత్తటి పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టు. ఆ దిమ్మలను తీసి పారేసి కొత్తవి చేయించండి, అవి కంటికి కనిపించే భాగం కాదు.

కుర్చీ యూరప్ నుంచి ఇటీవలే వచ్చి ఉంటే వెంటనే పని మొదలుపెట్టకండి. చలికాలమంతా హీటర్లు నడిచే పొడి ఇంట్లోంచి విశాఖ తేమలోకి వచ్చిన కొయ్య ఉబ్బుతుంది. రెండు మూడు వారాలు మీ ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. ఇటునుంచి అటు తీసుకెళ్లినా ఇదే మాట.

ఏ కీలు వదులైందో పట్టుకోవడం

కుర్చీని చదునైన గచ్చు మీద నిలబెట్టండి. ఒక చేత్తో సీటు పట్టీ, ఇంకో చేత్తో వెనక కాలి పైభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదపండి. మీ చూపు కీలు గీత మీదే ఉండాలి. వదులైన చోట ఆ గీత వెంట్రుక మందాన తెరుచుకుని మూసుకుంటుంది. కళ్లకు ఆనకపోతే వేలి కొసను సగం కాలి మీద, సగం పట్టీ మీద ఆనించి కదపండి, చర్మానికి తెలుస్తుంది. వదులైన ప్రతి కీలు మీదా టేపు ముక్క అంటించండి.

ఎక్కువగా వదిలేవి పక్క పట్టీలు వెనక కాళ్లను కలిసే రెండు కీళ్లు. మనిషి వెనక్కి ఆనుకున్నప్పుడల్లా భారమంతా అక్కడే మెలిపెడుతుంది. కొయ్య చీల (డోవెల్) ఒక దిక్కున ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న కాలి కొయ్య ఇంకో దిక్కున ఉబ్బుతుంది. ఏటేటా తేమ మారినప్పుడల్లా ఈ రెండిటి పోరులో జిగురు పొర తెగిపోతుంది. వీపు పలక కీళ్లు మాత్రం చాలా కుర్చీల్లో గట్టిగానే ఉంటాయి. గట్టిగా ఉన్న కీలును విప్పకండి. ఎలాగూ మొదలుపెట్టాం కదా అని బలవంతాన లాగితే చీల చుట్టూ కాలు చీలిపోతుంది, ఒంపు తిరిగిన టేకు కాలును అతికించడం అన్నిటికంటే కష్టమైన పని.

ఒక కాలు పొట్టిగా ఉన్నట్టు అనిపిస్తే రంపం తీయకండి. కీళ్లు వదిలి చట్రం మెలికపడినప్పుడు కూడా ఒక కాలు నేల నుంచి 3, 4 మి.మీ. లేస్తుంది. అతికించాక అది దానంతట అదే సర్దుకుంటుంది.

విప్పడం

కావలసినవి: రబ్బరు సుత్తి, మెత్తటి చెక్క ముక్కలు, 60 సెం.మీ. బార్ క్లాంపులు నాలుగు, సామాను కట్టే రాచెట్ బెల్టు ఒకటి, సన్నటి సూది ఉన్న సిరంజి, పాత టూత్‌బ్రష్, వెర్నియర్ క్యాలిపర్, టేపు, పెన్సిలు.

ముందు సీటు తీయండి. బట్ట వేసిన సీటైతే కింది నుంచి నాలుగు స్క్రూలు ఉంటాయి. ఆ తరువాత ప్రతి భాగం మీదా టేపు అంటించి గుర్తులు రాయండి: "ము-ఎ" అంటే ముందు ఎడమ, "వె-కు" అంటే వెనక కుడి. కలిసే రెండు ముక్కల మీదా ఒకే అంకె వేయండి. ఆరు కుర్చీలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకదాని పట్టీ ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. మూలదిమ్మల స్క్రూలను కూడా ఏ దిమ్మవి దానికే సంచిలో కట్టి ఉంచండి.

సుత్తి ఎత్తే ముందు ఒక అయస్కాంతాన్ని ప్రతి కీలు చుట్టూ తిప్పి చూడండి. మునుపెవరో తల కనపడకుండా దించి, మైనం పూసేసిన మేకు ఉంటే అది పట్టేస్తుంది. ఆ మేకు తీయకుండా కీలు లాగితే టేకు పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పుడు చెక్క ముక్కను కీలుకు దగ్గరగా ఆనించి, దాని మీద కొట్టండి. దెబ్బలు చిన్నవిగా, ఎక్కువగా ఉండాలి. ఒకవైపు 2 మి.మీ. వస్తే రెండోవైపు కూడా 2 మి.మీ. రప్పించాకే ముందుకు వెళ్లండి. ఒకటే వైపు లాగితే చీల అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. దవడలు వెనక్కి తిప్పి, నొక్కడానికి బదులు తోయడానికి వాడే క్లాంపు ఉంటే రెండు కాళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా విడదీయవచ్చు, సుత్తి కంటే అదే మేలు.

రాని కీలుకు సిరంజితో మెథిలేటెడ్ స్పిరిట్ గీతలోకి రెండు మూడు చుక్కలు ఎక్కించి పది నిమిషాలు ఆగండి. జంతు జిగురైతే (జంతువుల చర్మం, ఎముకలు కాచి తీసిన పాతకాలపు జిగురు) స్పిరిట్ దానిలోని తడిని లాగేస్తుంది, జిగురు గాజులా పెళుసై ఒక చిన్న దెబ్బకు టప్పున విడిపోతుంది. దానికీ లొంగకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కీలును చేత్తో పట్టుకోగలిగేంత వరకే వేడిచేసి చూడండి. (స్పిరిట్ పోసిన చోట వెంటనే వేడి పెట్టకూడదు, అంటుకుంటుంది. పూర్తిగా ఆరనివ్వండి.) పాలిష్ ఉన్న చోట స్పిరిట్ ఒలికితే తెల్ల మరక పడుతుంది కాబట్టి చుట్టూ టేపు వేయండి.

పాత జిగురు ఏదో తెలుసుకుంటేనే శుభ్రం చేయగలరు

చీల మీద మిగిలిన జిగురు మీద ఒక చుక్క వేడినీళ్లు వేసి ఐదు నిమిషాలు ఆగి వేలితో ముట్టుకోండి.

బెల్లం పాకం రంగులో ఉండి, వేలికి బంకగా తీగ సాగితే జంతు జిగురు. గోరువెచ్చటి నీళ్లు, టూత్‌బ్రష్‌తో మొత్తం కరిగి పోతుంది. నీళ్లు తక్కువ వాడండి, తరువాత ఒక రోజంతా ఆరనివ్వండి.

తెల్లబడి రబ్బరులా మెత్తబడితే పీవీఏ, అంటే మన ఫెవికాల్ జాతి తెల్ల జిగురు. వేడిచేసిన తెల్ల వెనిగర్‌లో గుడ్డ ముంచి చీలకు అరగంట చుట్టి ఉంచి, ఉలితో గీకండి. దీన్ని పూర్తిగా తీయాల్సిందే. ఎండిన పీవీఏ పొర మీద కొత్త పీవీఏ పట్టదు. అతికించిన ఏడాదికే మళ్లీ ఊగే కుర్చీల్లో ఎక్కువ భాగం ఈ తప్పు వల్లే ఊగుతాయి.

ఏ మార్పూ లేకుండా గట్టిగా, గోధుమరంగు గాజులా ఉండిపోతే అది కర్మాగారాల్లో వాడిన రసాయన జిగురు. నీళ్లకూ వెనిగర్‌కూ లొంగదు. ఉలి అంచును నిలువుగా పట్టి గీకడం ఒక్కటే దారి. టేకులో ఇసుక గుణమున్న పదార్థం ఉంటుంది, ఉలి తొందరగా మొండిబారుతుంది. నడుమ నడుమ నూరుకుంటూ ఉండండి.

ఏ జిగురైనా సరే, చీలను గరుకు కాగితంతో రుద్దకండి. జిగురుతో పాటు కొయ్య కూడా అరమిల్లీమీటరు పోతుంది. కీలు వదులవడానికి అంత చాలు. బెజ్జాల లోపల పాత టూత్‌బ్రష్, దానికి అందని అడుగున సన్నటి ఉలి వాడండి.

చీలలు, బెజ్జాలు

శుభ్రం చేశాక జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. చీల చేత్తో సగం దిగి, మిగతా సగం సుత్తితో మెల్లగా తడితే దిగాలి. తనంతట జారిపోతే వదులు, గట్టిగా కొడితే తప్ప దిగకపోతే బిగువు. బిగువు కూడా ప్రమాదమే, చీల బెజ్జంలోని జిగురంతా అడుగుకు తోసేస్తుంది.

విరిగిన చీల బెజ్జంలో ఉండిపోతే రంపంతో పైకి సమంగా కోసి, సరిగ్గా నడుమ 3 మి.మీ. బిట్‌తో దారి చేయండి, తరువాత 6 మి.మీ.తో. మిగిలిన పలుచటి గొట్టాన్ని సన్నటి ఉలితో లోపలికి ముడిచి తీసేయండి. మొదటే చీల సైజు బిట్ పెడితే అది గట్టి బీచ్ నుంచి మెత్తటి వైపు జారి బెజ్జం గుడ్డుబారుతుంది.

కొత్త చీలలు బీచ్‌వి, పొడుగునా గీతలు ఉన్నవి కొనండి. ఆ గీతల వెంటే అదనపు జిగురూ గాలీ పైకి వస్తాయి. ఈ కుర్చీల్లో 8, 10 మి.మీ. చీలలు ఎక్కువ, అయినా పాతదాన్ని క్యాలిపర్‌తో కొలిచాకే కొనండి. పొడుగు రెండు బెజ్జాల లోతుల మొత్తం కంటే 2 మి.మీ. తక్కువ ఉండాలి. సమంగా ఉంటే జిగురుకు చోటు లేక కీలు మూసుకోదు.

బెజ్జం పెద్దదైపోతే దాన్ని జిగురుతో నింపుదామనుకోకండి. పీవీఏ ఖాళీలు నింపే జిగురు కాదు, ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. చిత్రిక పట్టినప్పుడు వచ్చే సన్నటి టేకు పొరను చీల చుట్టూ జిగురుతో చుట్టి, ఆరాక బిగువు చూసుకోండి. ఒక చుట్టుకు సుమారు 0.2 నుంచి 0.3 మి.మీ. పెరుగుతుంది.

ఎంత ప్రయత్నించినా విప్పలేని కీలు ఒకటి ఉంటే, లోపలి వైపు నుంచి 2 మి.మీ. బెజ్జం చేసి సిరంజితో ద్రవ జంతు జిగురు ఎక్కించవచ్చు. పాతది కూడా జంతు జిగురే అయితే కొత్తది దాన్ని కరిగించుకుని కలిసిపోతుంది. పీవీఏ ఎక్కిస్తే లోపలి మురికి మీద పొరలా ఉండిపోతుంది తప్ప పట్టుకోదు.

అతికించడం

జిగురు ఏది వాడాలి? ద్రవ జంతు జిగురు దొరికితే అదే వాడండి. ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ వేడినీళ్లతో విప్పుకోవచ్చు. దొరక్కపోతే మంచి పీవీఏ చాలు. ఎపాక్సీని (రెండు భాగాలు కలిపి పెట్టే గట్టి జిగురు) చీలికలకూ, బాగా అరిగిన బెజ్జాలకూ మాత్రమే ఉంచుకోండి. ఎపాక్సీ పెట్టిన కీలును తరువాత ఎవరూ శుభ్రంగా విప్పలేరు.

టేకులో సహజమైన నూనె ఉంటుంది. కీలు ముఖాలను ఎసిటోన్ అద్దిన తెల్ల గుడ్డతో, గుడ్డకు పసుపు రంగు అంటడం ఆగేదాకా తుడిచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి వెంటనే జిగురు పెట్టండి. రాత్రి తుడిచి పొద్దున అతికిస్తే లోపలి నూనె మళ్లీ పైకి వచ్చేస్తుంది.

అన్నీ ఒకేసారి అతికించకండి. మొదటి రోజు ముందు కాళ్లు రెండూ ముందు పట్టీతో ఒక చట్రం, వెనక కాళ్లు వెనక పట్టీతో ఇంకో చట్రం. రెండో రోజు ఆ రెండిటినీ పక్క పట్టీలతో కలపండి. పీవీఏ పెట్టాక మీకు ఉండేది దాదాపు పది నిమిషాలు, రోహిణి కార్తె ఎండల్లో ఐదే. క్లాంపులు ముందే సరైన కొలతకు తెరిచి, ఆనించే చెక్క ముక్కలు పక్కన పెట్టుకుని, జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూశాకే డబ్బా మూత తీయండి.

జిగురు ఎక్కువ భాగం బెజ్జం గోడలకు పూయాలి, చీల మీద పలుచగా చాలు. చీలకే దట్టంగా పూస్తే లోపలికి దిగేటప్పుడు అంచు దాన్ని గీకి బయటికి నెట్టేస్తుంది.

వెనక కాళ్లు ఒంపు తిరిగి, సన్నబడుతూ పోతాయి కాబట్టి బార్ క్లాంపు జారిపోతుంది. అక్కడ రాచెట్ బెల్టును నాలుగు కాళ్ల చుట్టూ సీటు పట్టీల ఎత్తులో చుట్టండి, బెల్టు మలుపు తిరిగే చోట తోలు ముక్క పెట్టండి. బెల్టు లేకపోతే గట్టి నూలు తాడు రెండు చుట్లు వేసి మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పినా పని జరుగుతుంది.

బిగించిన మరుక్షణం చేయాల్సినవి రెండు. ఒకటి, సీటు చట్రం మూలకొలతలు: ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు. ముందు వెడల్పు ఎక్కువ, వెనక తక్కువ అయినా ఈ రెండూ సమానంగా ఉండాలి. 2 మి.మీ. కంటే తేడా ఉంటే పొడుగున్న మూల వైపు ఒక క్లాంపును కొంచెం వాలుగా బిగించండి. రెండు, కుర్చీని గ్రానైట్ గట్టు వంటి నిజంగా చదునైన చోట నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో చూడండి. ఇంట్లోని టైల్స్ గచ్చును నమ్మకండి. ఆనని కాలు ఉంటే ఇప్పుడే నొక్కి సర్దాలి, రేపటికి కుదరదు.

క్లాంపును పిడికిలి బలంతో బిగించండి చాలు. కీలు పొడవునా సన్నటి పూసల్లా జిగురు బయటికి రావాలి. కారిపోతుంటే ఎక్కువైంది, ఏమీ రాకపోతే తక్కువైంది. జంతు జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడవండి. పీవీఏను మాత్రం తడిగా ఉన్నప్పుడు తుడవకండి, కొయ్య రంధ్రాల్లోకి పామినట్టవుతుంది, తరువాత నూనె పట్టక తెల్ల మచ్చ మిగులుతుంది. అరగంట ఆగితే జున్నులా గట్టిపడుతుంది, అప్పుడు చెక్కిన వెదురు పుల్లతో తీస్తే తీగలా లేచి వస్తుంది.

క్లాంపులు ఒక రోజు ఉంచండి, మూడు రోజులదాకా ఎవరినీ కూర్చోనివ్వకండి. చలిదేశాల్లో గ్యారేజీలో పని చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: 10 డిగ్రీల కంటే తక్కువలో పీవీఏ సుద్దలా తెల్లబడి బలం లేకుండా ఆరుతుంది. కుర్చీనీ జిగురునూ ముందు రోజే ఇంట్లోకి తెచ్చి పెట్టుకోండి. చివరగా మూలదిమ్మలను జిగురు, పాత స్క్రూలతో బిగించండి.

పైపూత

గరుకు కాగితం కాదు, ముందు సబ్బు. గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం కలిపి, పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఆ తరువాత టర్పెంటైన్ లేదా వైట్ స్పిరిట్‌లో ముంచిన బూడిదరంగు నైలాన్ ప్యాడ్‌తో నారవాటాన రుద్దండి. గుడ్డ నల్లబడి, కాఫీ రంగు మురికి వదులుతుంది. అదంతా ఏళ్ల తరబడి చేరిన మైనం, చేతుల జిడ్డు. వీపు పలక పైఅంచున, చేయి పట్టుకుని కుర్చీ లాగే చోట, అది అన్నిటికంటే దట్టంగా ఉంటుంది. స్టీల్ ఊలు వాడితే సన్నటి రకం మాత్రమే వాడండి, నీళ్లతో కలిపి ఎప్పుడూ వద్దు. విరిగిన ఇనుప పోగులు తడికి కొయ్యలో నల్ల చుక్కలవుతాయి.

చాలా కుర్చీలకు ఇంతటితో సరిపోతుంది. గీతలు లోతుగా ఉంటేనే గరుకు కాగితం, అదీ 240తో మొదలుపెట్టి 320తో ఆపండి, చేత్తో, నారవాటాన. యంత్రం వద్దు. ఈ కుర్చీల అందం అంచుల్లో ఉంది: గుండ్రటి కాలు పైకి పోతూ పదునైన గీతగా మారి వీపు పలకలో కలిసే చోటు. యంత్రం ఒక నిమిషంలో ఆ గీతను చెరిపేస్తుంది. వీపు పలక ప్లైవుడ్‌దైతే పైన ఉన్న టేకు పొర ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, చిల్లు పడితే తిరిగి రాదు.

గీకిన చోట టేకు పచ్చటి బూడిదరంగులో, మచ్చలు మచ్చలుగా కనిపించి భయపెడుతుంది. రంగు వేయకండి. వెలుగు తగిలే చోట కొన్ని వారాలుంచితే అదే తేనెరంగుకు వస్తుంది.

నల్ల మరకలు, అంటే ఇనుము, నీళ్లు కలిసి పడినవి, ఆక్జాలిక్ ఆమ్లంతో పోతాయి. లీటరు వేడినీళ్లకు 50 గ్రాములు కలిపి, మరక మీద మాత్రమే కాకుండా ఆ భాగం మొత్తానికీ బ్రష్‌తో పూసి, ఆరాక శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు కడగండి. అది విషం. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఆరిన పొడి పీల్చకూడదు. టేకు పొట్టు కూడా చాలామందికి చర్మం మీద దురద, ముక్కులో మంట తెస్తుంది కాబట్టి గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

ఇక నూనె. "టీక్ ఆయిల్" అని డబ్బా మీద ఉన్నది టేకు నుంచి తీసింది కాదు. అది అవిసె లేదా టంగ్ నూనె, పలుచన చేసే ద్రావకం, కొన్నిట్లో కొంచెం వార్నిష్. డేనిష్ ఆయిల్ కూడా ఆ జాతిదే, ఏదైనా ఫరవాలేదు. ఒక కుర్చీకి ఒక పూతకు 40 మి.లీ. సరిపోతుంది. గుడ్డతో ధారాళంగా పూసి, 15 నిమిషాలు ఆగి, మొత్తం తుడిచేయండి. మొత్తం అంటే మొత్తం. పైన మిగిలిన నూనె కొయ్యలోకి పోదు, జిగటగా ఉండిపోయి దుమ్మునంతా పట్టుకుంటుంది. ఒక రోజు విరామంతో రెండు, పొడిబారిన కొయ్యకు మూడు పూతలు.

కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆలివ్ నూనె రాయకండి. ఆ పూట మెరుపు బాగానే ఉంటుంది. కానీ అవి అవిసె నూనెలా గట్టిపడవు, జిడ్డుగా ఉండి కొన్నాళ్లకు చిక్కు వాసన కొడతాయి. సిలికాన్ ఉన్న స్ప్రే పాలిష్ కూడా వద్దు, దాని మీద మళ్లీ ఏ పూతా సరిగా పట్టదు.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి చేరి దానంతట అదే అంటుకుంటుంది. దండెం మీద విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి.

సీటు

పాత బట్ట విప్పేటప్పుడు దాన్ని చింపకండి, కొత్తదానికి అదే నమూనా. లోపలి నురుగు గోధుమరంగు పొడిగా రాలుతుంది, మాస్కుతో, బయట చేయండి. కింద రబ్బరు పట్టీలు ఉంటే ఒకదాన్ని వంచి చూడండి, పగుళ్లు కనపడితే అన్నీ మార్చాలి.

కొత్త నురుగు 25 మి.మీ. మందం, 40 సాంద్రతది తీసుకోండి. కింది అంచును 45 డిగ్రీల వాలుగా కోస్తే పైఅంచు మెత్తగా ఒంపు తిరుగుతుంది. దాని మీద పలుచటి పాలిస్టర్ దూది పొర. బట్టగా గట్టి నేత ఉన్ని మేలు. డేనిష్ డిజైనర్ నానా డిట్జెల్ 1965లో రూపొందించిన హాలింగ్‌డాల్ అనే ఉన్ని బట్ట ఆ కాలపు కుర్చీలకు చక్కగా కుదురుతుంది, ఇప్పటికీ దొరుకుతుంది. వేడి ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ముతక నూలు కూడా బాగుంటుంది. సీటు 50 × 45 సెం.మీ. అయితే ముక్క 66 × 61 సెం.మీ. కోయాలి. 140 సెం.మీ. పన్నా బట్టలో అడ్డంగా రెండు వస్తాయి, ఆరు సీట్లకు 2 మీటర్లు చాలు.

8 మి.మీ. స్టేపుల్స్‌తో ముందు నడుమ ఒకటి, వెనక నడుమ ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, తరువాత నడుమ నుంచి మూలల వైపు. ఒక వైపంతా కొట్టేసి రెండో వైపు లాగితే బట్ట నేత గీతలు వంకరపోతాయి. మూలలు చివరికి వదిలి, మడతలను కిందికి దాచండి.

సీటు చట్రంలోకి దిగే రకమైతే ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. పాత బట్ట తీయకుండా దాని మీదే కొత్తది వేస్తే సీటు రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. దాన్ని పిడికిలితో గుద్ది దింపుతారు. అది కొయ్యను చీల్చే మేకులా పని చేసి, మీరు అతికించిన కీళ్లను లోపలి నుంచి తెరిచేస్తుంది. బట్ట వేశాక కూడా చుట్టూ ఒక మిల్లీమీటరు సందు ఉండాలి, సీటు చేత్తో నొక్కితే దిగాలి. దిగకపోతే చట్రం అంచును చిత్రికతో సన్నగా పట్టండి.

కాగితపు తాడు అల్లిన సీటైతే, గట్టిగా ఉన్నంతకాలం దాన్ని కదిలించకండి. అది మైనం పట్టించిన పురి కాగితం, సుమారు 3 మి.మీ. లావు. దుమ్ము బ్రష్‌తో దులిపి, మరకను బాగా పిండిన గుడ్డతో అద్దండి. ఒక పోగు తెగితే ముడివేసి నెట్టుకురావచ్చు, మూడు నాలుగు తెగితే మొత్తం విప్పి అల్లాల్సిందే, కొత్త పోగులు పాతవాటి బిగువుకు రావు. వీపు నడుమ వై ఆకారపు కొయ్య ఉండే వెగ్నర్ వై కుర్చీ సీటుకు 120 మీటర్లదాకా తాడు పడుతుంది. అల్లిక సీటు మీద మోకాలు పెట్టి ఎక్కడం, ఫ్యాను తుడవడానికి నిలబడటం రెండూ కూడదు.

సీటు బిగించే ముందు వెనక పట్టీ లోపలి వైపు, ముద్రకు దూరంగా, పెన్సిలుతో తేదీ, వాడిన జిగురు పేరు, మార్చిన చీలల సైజు రాయండి. తరువాత ఈ కుర్చీని తలకిందులు చేసేవాళ్లకు వేడినీళ్లు పెట్టుకోవాలో వెనిగర్ తెచ్చుకోవాలో చూడగానే తెలుస్తుంది.